పార పట్టే ముందు పొలం చూడండి

మన ఏజెన్సీలోని పెదబయలు మండలంలో ఒక గెడ్డ (కొండవాగు) మీద చెక్‌డ్యామ్ ఉంది. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్లు పడ్డ కష్టం చిన్నది కాదు, వాళ్లను వేలెత్తి చూపడం నాకు ఇష్టం లేదు. ఒక ఏప్రిల్‌లో ఇరవై రోజులు ఎండలో వంగి పూడిక తీశారు. ఆడవాళ్లు తట్టలతో, మగవాళ్లు కావిళ్లతో మోశారు. నడుము లోతు మట్టి తీసి గట్టు మీదే కుప్పలు పోశారు. పొలాలకు తర్వాత తోలుకుందాం అనుకున్నారు. జూన్‌లో రెండు పెద్ద వానలు పడ్డాయి. నేను వెళ్లి చూసేసరికి గట్టు మీద కుప్పలు లేవు. నీళ్లలో కర్ర దింపితే మోకాలి లోతుకే ఆగిపోయింది. తీసిన మట్టిలో చాలాభాగం తీసిన చోటికే చేరింది.

ఆ పనికి సలహా చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎంత లోతు తవ్వాలో చెప్పాను. తవ్వింది ఎక్కడ పోయాలో చెప్పలేదు. ఆ తప్పు నుంచి పుట్టిందే ఈ అధ్యాయం.

చేతిలో పని పెట్టుకున్న ప్రతి మనిషికీ మొదలుపెట్టాలన్న ఆత్రం ఉంటుంది. పూడికతీతలో ఆ ఆత్రం చాలా ఖరీదైనది. తవ్వడం సగం పని, చేర్చడం మిగతా సగం. ఈ రెండో సగమే ఖర్చు పెంచుతుంది, తగాదాలు తెస్తుంది, చట్టంతో ముడిపడుతుంది. మట్టి చివరికి ఏ గట్టున, ఏ మడిలో, ఎవరి పొలంలో పడుతుందో తేలకుండా మొదటి పార దించకండి.

ఇది కొండ ఊళ్ల కష్టమే అనుకోవద్దు. తుంగభద్ర డ్యామ్ సంగతి చూడండి. 1953లో 133 టీఎంసీలు పట్టిన జలాశయం, 2016 సర్వే నాటికి దాదాపు 106 టీఎంసీలకు పడిపోయింది. 27 టీఎంసీల చోటు మట్టి తినేసింది. ఆ మట్టి 76 కోట్ల ఘనపు మీటర్లు. మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రాక్టర్ ట్రక్కులో ఎత్తితే పాతిక కోట్ల లోడ్లు! తవ్వే యంత్రాలు ప్రపంచంలో దొరుకుతాయి. ఆ పాతిక కోట్ల లోడ్లు దించడానికి నేల ఎక్కడుంది? అందుకే పూడిక తీయడం మానేసి, నవలి దగ్గర ఇంకో జలాశయం కట్టుకుందామనే ప్రతిపాదన వచ్చింది. శ్రీశైలం కథా అంతే, 308 టీఎంసీల సామర్థ్యం 215కు దిగింది. పెద్ద ప్రభుత్వాలకే చేతకాని ఈ లెక్క మన గెడ్డ దగ్గర చేతనవుతుంది. మనది చిన్నది, పొలం పక్కనే ఉంది. చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి.

మీ గెడ్డలో ఆపని మట్టి ఎక్కడికి పోతుందో ఒకసారి మనసులో నడిచి రండి. మత్స్యగెడ్డ వెంట దిగి జోలాపుట్ జలాశయంలో కొంత కూర్చుంటుంది. 1955 నుంచి కరెంటు ఇస్తున్న మాచ్‌ఖండ్ కేంద్రానికి నీళ్లు అక్కడివే. మిగిలింది డుడుమ జలపాతం దూకి, సీలేరుగా మారి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరికి చేరుతుంది. మీ మెట్ట మీద సామలు, చోళ్లు పండించాల్సిన నేల అది. పూడిక అనే మాటలో చెత్త అనే అర్థం మనం చేర్చుకున్నాం గానీ, అది మన పొలం పైపొరే. ఇల్లు వదిలి కిందికి వచ్చేసింది, తిరిగి ఇంటికి తోలుకోవాలి.

అయితే అంతా ఒకే మట్టి కాదు. చెక్‌డ్యామ్‌లోకి గెడ్డ దిగే చోట గులకరాళ్లు, ముతక ఇసుక ఉంటాయి. నీరు నెమ్మదించే నడిమి భాగంలో సన్న ఇసుక. గోడకు ఆనుకుని మెత్తటి ఒండ్రు. పొలానికి కావాల్సింది ఈ చివరిది. మూడింటినీ కలిపి ఒకే కుప్ప పోస్తే ఒండ్రు కావాల్సినవాడు రాళ్లు వద్దంటాడు, రాళ్లు కావాల్సినవాడు బురద వద్దంటాడు. కుప్ప అక్కడే ఉండిపోతుంది. తవ్వేటప్పుడే మూడు చోట్ల పోయండి. దీనికి అదనపు ఖర్చు లేదు, పొద్దున్నే కూలీల మేట్ ఒక మాట చెబితే చాలు.

పరీక్షకు లాబొరేటరీ దాకా పోనక్కర్లేదు, ముందు ఒక గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా గిలకొట్టి కదపకుండా ఒక రోజు ఉంచండి. అడుగున ఇసుక, దాని మీద సన్నమట్టి, పైన బంకమట్టి పొరలుగా దిగుతాయి. ఏది ఎంతో కళ్లకే కనిపిస్తుంది. తర్వాత రెండు పాత డబ్బాలు తీసుకోండి. ఒకదానిలో మీ పొలం మట్టి, రెండోదానిలో పొలం మట్టి, పూడిక చెరిసగం. రెంటిలో పదేసి రాజ్‌మా గింజలు నాటండి. పదిహేను రోజుల్లో మొలకలే మీకు జవాబు చెబుతాయి. పూడిక నల్లగా ఉండి కుళ్లు వాసన వేస్తున్నా, సంతబయలు మురుగు కలుస్తున్నా, కాఫీ పండ్లు పల్పింగ్ చేసిన నీళ్లు ఆ గెడ్డలోకే వదులుతున్నా మాత్రం ఆగండి. ఎండబెట్టి, ఒక నమూనా చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపించుకున్నాకే పొలానికి తోలండి. మన ఏజెన్సీ నేలలు అసలే పులుపు నేలలు. వేసే మట్టి పులుపు ఎంతో తెలుసుకుని వేయడం మంచిది.

ఇప్పుడు కొలతలు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే చాలా మంచి పనులు ఈ లెక్క వేయకనే చెడ్డాయి.

మీ చెక్‌డ్యామ్‌లో పూడిక మేట 50 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున ఒక మీటరు లోతు అనుకుందాం. అంటే 500 ఘనపు మీటర్లు. కానీ తవ్విన మట్టి పొంగుతుంది. నేలలో గట్టిగా కూర్చున్నది బయటికి వచ్చాక దాదాపు అయిదో వంతు ఎక్కువ చోటు తీసుకుంటుంది. కాబట్టి మోయాల్సింది 600. ట్రక్కుకు మూడు చొప్పున 200 లోడ్లు. ఎకరం నేలలో అంగుళం మందాన పరచడానికి సుమారు 100 ఘనపు మీటర్లు కావాలి. అంటే ఈ మట్టికి ఆరెకరాల చోటు చూడాలి. ఆ ఆరెకరాలు ఎవరివి? వాళ్లు ఒప్పుకున్నారా? అక్కడిదాకా ట్రాక్టర్ పోతుందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోకుండా పని ఖర్చెంతో ఎవరూ చెప్పలేరు.

దూరం సంగతీ చూడండి. పొలం కిలోమీటరు లోపుంటే, ఎత్తడం దించడం కలిపి ఒక లోడుకు అరగంట పడుతుందనుకుందాం. 200 లోడ్లకు 100 గంటలు. రెండు ట్రాక్టర్లు పెడితే వారంలోపు అయిపోతుంది. అదే పొలం నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండి లోడుకు గంట పడితే, 200 గంటల అద్దె, రెట్టింపు డీజిల్, దాదాపు రెండు వారాలు. తవ్వకం ఖర్చు రెండు చోట్లా ఒకటే. కాబట్టి ఖర్చు తగ్గించాలనుకున్నవాడు పారల వైపు చూడకూడదు, దారి వైపు చూడాలి. దగ్గరి రైతును ఒప్పించడానికి పెట్టిన ఒక సాయంత్రం వంద గంటల అద్దె మిగులుస్తుంది. ట్రాక్టర్ ఎక్కలేని మెట్టలకు కావిడి ఉండనే ఉంది. రెండు వందల గజాల లోపు దూరానికి కావిడిని మించిన బండి మన కొండల్లో లేదు.

తడిమట్టి మోయకండి. తడిమట్టి మోస్తే నీళ్లు కూడా మోసినట్టే. ఫిబ్రవరిలో గెడ్డ సన్నబడగానే నీటిని ఒక పక్కకు మళ్లించి, పూడికను వారం పది రోజులు ఎండనివ్వండి. బరువు తగ్గుతుంది, తట్టకు అంటుకోదు, ట్రక్కు చక్రం దిగబడదు. మార్చి, ఏప్రిల్‌లో తవ్వి తోలితే మే నెల పరచడానికి మిగులుతుంది. మే ఆఖరులో తవ్వకం మొదలుపెట్టే పనికి నేను ఇప్పుడు ఒప్పుకోను, ఎవరు చెప్పినా సరే.

ఇక చట్టం. చట్టం పేరు వినగానే మన పిల్లలు వెనకడుగు వేస్తారు. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో నాలుగు కాగితాలు తిరగేసి ఇంటికొచ్చేస్తారు. నిజానికి ఈ విషయంలో చట్టం మనకు అడ్డు కాదు, చాలాచోట్ల మన పక్షమే.

పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ 2006లో వచ్చింది. చిన్నతరహా ఖనిజాల తవ్వకాలకు కూడా అనుమతి కావాలంటూ 2016 జనవరి 15న దాన్ని సవరించారు. అదే సవరణలో కొన్ని పనులకు మినహాయింపు ఇచ్చారు. నిర్వహణ కోసం చెరువులు, జలాశయాల పూడిక తీయడం వాటిలో ఉంది. వరద తెచ్చి పొలంలో వేసిన ఇసుకను రైతు తీసుకోవడం ఉంది. కుమ్మరి సంప్రదాయంగా మట్టి తీసుకోవడం కూడా ఉంది. ఇక్కడ మనసులో పెట్టుకోవాల్సిన మాట నిర్వహణ. నీరు నిలవడానికి తీస్తే అది పూడికతీత. అమ్ముకోవడానికి తీస్తే అది ఖనిజ తవ్వకం, దాని దారి వేరు, దాని అనుమతులు, సీనరేజీ రుసుము వేరు.

ఇంకో సూక్ష్మం ఉంది. మామూలు మట్టిని రోడ్లకు, కట్టలకు, భవనాలకు నింపుడు మట్టిగా వాడితే అది చిన్నతరహా ఖనిజమే అని కేంద్రం 2000లో ప్రకటించింది. అందుచేత మీ పూడికను మడిలో పరిచినప్పటి సంగతి ఒకటి, రోడ్డు కాంట్రాక్టర్ నింపుడుకు ఎత్తుకుపోయినప్పటి సంగతి ఇంకొకటి. కాంట్రాక్టర్ అడిగితే గనుల శాఖ అనుమతి కాగితం చూపించమనండి. అది మర్యాద తప్పడం కాదు.

మనది అయిదో షెడ్యూల్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీల చేతిలో పెట్టింది. చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ముందుగా ఉండి తీరాలంది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. అంతకుముందే, 1997లో, అనంతగిరి మండలం బొర్రా వైపు గనుల లీజులపై నడిచిన సమతా కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన ఏజెన్సీలోనే పుట్టింది. దాన్ని మనం గుర్తుంచుకోకపోతే ఎవరు గుర్తుంచుకుంటారు?

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఏదో ఒక రోజు మీ ఊరికి ఒక మనిషి వస్తాడు. జేసీబీ నాదే, డీజిల్ నాదే, మీ చెక్‌డ్యామ్ ఊరికే బాగు చేసిపెడతాను, వచ్చిన ఇసుక నేను పట్టుకుపోతాను అంటాడు. చేతిలో డబ్బు లేని ఊరికి ఆ మాట తీపిగా ఉంటుంది. కోపం తెచ్చుకోకండి. మూడు అడగండి: ఎంత లోతు తీస్తావు, ఒండ్రు ఎక్కడ పోస్తావు, గ్రామసభలో ఈ మాట చెప్పి రాసిస్తావా? ఇసుక ఉన్న చోట నిలువు గొయ్యి తీసి, ఒండ్రును ఉన్నచోటే వదిలిపోతే గోడ పునాదికే ప్రమాదం. ఊరికే వచ్చిన పనికి ఊరు ఎక్కువ మూల్యం కడుతుంది.

మట్టి పోయకూడని చోట్లు గట్టిగా గుర్తుపెట్టుకోండి. గెడ్డ దిగువన పోయకూడదు. కింది ఊరి మడులు పూడుతాయి, వాళ్ల తాగునీరు చెడుతుంది. ప్రవాహానికి అడ్డుపడి కాలుష్యం పెంచేలా గెడ్డల్లో ఏదీ వేయకూడదని 1974 నీటి కాలుష్య చట్టం చెబుతుంది. రిజర్వు అడవిలో అటవీ శాఖను అడగకుండా తట్ట మట్టి కూడా వేయొద్దు, ట్రాక్టర్‌కు దారి కొట్టవద్దు. నిటారు వాలు మీద పోస్తే మొదటి వానకే జారుతుంది, కింద ఇళ్లుంటే అది ప్రాణాల మీదికి వస్తుంది. ఒకరి పట్టా భూమిలో వాళ్ల సంతకం లేకుండా వేయకండి, సొంత బావ భూమైనా సరే.

ఇవన్నీ ఒక్క కాగితం మీద పడతాయి. పైన గెడ్డ గీయండి, చెక్‌డ్యామ్ గుర్తు పెట్టండి, మట్టి చేరే పొలాలను, వాటికి పోయే దారిని గీయండి. పక్కన రైతుల పేర్లు, ఎవరికి ఎన్ని లోడ్లు అన్నది రాసి సంతకాలో వేలిముద్రలో తీసుకోండి. ఆ కాగితం గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. నలుగురిలో లేచి మాట్లాడాలంటే గొంతు వణికే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే: ఉపన్యాసం వద్దు, కాగితం చూసి చదవండి. చేతిలో లెక్క ఉన్నవాడి మాట పెద్దలు వింటారు, ఐటీడీఏ పీవో గారూ వింటారు. కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో మాట్లాడే అవ్వలు సభలో ఉంటే వాళ్ల మాటలో మళ్లీ చెప్పండి. ఏ గట్టు ఏ ఏడు తెగిందో ఆ అవ్వలకే తెలుసు.

డబ్బు చాలనప్పుడు ఏం చేయాలి? ఎప్పుడూ చాలదు, కాబట్టి ఈ ప్రశ్న అందరిదీ. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పూడికతీత మొదటి నుంచీ ఉన్న పనే. కాంట్రాక్టర్లకు అందులో చోటు ఇవ్వలేదు, కూలీల చేతికి అందే పనికి యంత్రం పెట్టకూడదన్న నియమం పెట్టారు. తవ్వకం కూలి ఉపాధి పనుల్లో గడుస్తుంది. రవాణాయే మన మెడకు చుట్టుకుంటుంది. దానికి తెలంగాణ ఒక దారి చూపింది. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్నారు. తవ్వి ఎత్తే ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. రైతులు తమ సొంత డబ్బుతో ట్రాక్టర్లు పెట్టి మట్టి తోలుకున్నారు. మట్టికి విలువ ఉందని నమ్మినవాడు దాన్ని మోసుకుపోతాడు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అంతకు చాలా ముందే మెదక్ చెరువుల పూడికను పరీక్షించి, అందులో నత్రజని, భాస్వరం, సేంద్రియ కర్బనం ఎంత ఉందో లెక్కగట్టి, పొలానికి తిప్పి వేయడం లాభమేనని చూపించారు. మన పొలాలు చిన్నవి, రైతులు పేదలు, అందుకని వాళ్ల వాటాను ట్రాక్టర్ అద్దెగా కాక శ్రమగా అడగండి. ఇంటికి మూడు రోజులు.

అప్పటికీ చాలకపోతే తవ్వకం తగ్గించండి, చేర్చడం తగ్గించకండి. 500 ఘనపు మీటర్లు తవ్వి సగం గట్టు మీద వదిలేసే బదులు, 250 తవ్వి మొత్తం పొలానికి చేర్చినవాడే ఆ ఏడు గెలిచాడు. మిగిలింది వచ్చే ఏడు. ఈ ఒక్క నిర్ణయం దగ్గర నేను ఎంతోమంది మంచి నాయకులు తడబడటం చూశాను. పూర్తయిందని చెప్పుకోవాలన్న ఆశ, పని కొలతలు రాసే ఎం-బుక్‌లో కొలత నిండాలన్న ఒత్తిడి, పడమట కమ్ముతున్న మబ్బు, ఈ మూడూ ఒకే వారంలో వస్తాయి. ఆ వారానికి ముందే మనసు గట్టి చేసుకోవాలి.

పరచడం గురించి కొంచెం. అంగుళం మందం చాలు. ఎక్కువైతే బంక పొర గట్టిపడి నీరు దిగదు. దున్ని కలిపేయండి. వాలు నేలలో అయితే వాలుకు అడ్డంగా రాతి కట్టు వేసి దాని వెనక నింపండి, కట్టు వెంట వట్టివేరు నాటండి. కాఫీ తోటలో మొక్క మొదలు కప్పేయకండి, కాండం కుళ్లుతుంది. వరసల మధ్య పల్చగా వేయండి. రాళ్లు, ముతక ఇసుక ఊరి దారి గుంతలకు, గట్టు కింద పేర్చడానికి పనికొస్తాయి.

సముద్రం ఒడ్డున కూడా ఇదే లెక్క నడుస్తోంది. విశాఖ ఓడరేవు 1933లో తెరిచిన నాటి నుంచీ ఒడ్డు వెంట ఉత్తరానికి నడిచే ఇసుకను రేవు గోడలు ఆపేస్తున్నాయి, అవతల బీచ్ కోతకు గురవుతోంది. అందుకే డాల్ఫిన్స్ నోస్ పక్కన చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తారు. ఇసుక వెళ్లాల్సిన చోటికే దాన్ని చేర్చడం. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో రేవు బురద విషరసాయనాలతో నిండిపోతే, పొలానికీ సముద్రానికీ పనికిరాక, 1980లలో స్లఫ్టర్ అనే పెద్ద గుంట కట్టి అందులో దాచాల్సి వచ్చింది. మన గెడ్డల్లో బురద ఇంకా శుభ్రంగా ఉంది. పొలానికి తిప్పి వేసుకోగలిగినంత శుభ్రంగా ఉంది. కాఫీ పల్పింగ్ నీళ్లు, సంత ప్లాస్టిక్ అందులో కలవకుండా ఆపడం పూడిక తీయడం కంటే చవక.

ఈ అధ్యాయం ముగించి వెంటనే ఇంకోదానికి పోకండి. ఒక పొడవాటి కర్ర, కొలత గుర్తులు పెట్టిన తాడు, నోటుపుస్తకం తీసుకుని మీ ఊరి చెక్‌డ్యామ్ దగ్గరికి వెళ్లండి. పది చోట్ల కర్ర దింపి పూడిక లోతు రాసుకోండి. తర్వాత వెనక్కి తిరిగి, కిలోమీటరు లోపు ఎవరెవరి పొలాలున్నాయో నడిచి చూడండి. వచ్చే గ్రామసభ లోపు ఆ కాగితం తయారు కావాలి. ఫిబ్రవరికి పారలు మనం సిద్ధం చేసుకోవచ్చు.